1847: త్యాగరాజస్వామి వెళ్లిపోయిన ఏడాది మిగతా ప్రపంచం ఏం పాడుకుంటోంది?

ప్రశ్న: త్యాగరాజస్వామి 1847లో సిద్ధి పొందారని చదివాను. సరిగ్గా ఆ ఏడాది మిగతా ప్రపంచంలో ఎలాంటి సంగీతం నడుస్తోంది? మన సంగీతానికీ వాళ్ల సంగీతానికీ అప్పటికి పరిచయం ఉందా? అసలు అప్పటి పాట అప్పుడు ఎలా వినిపించేదో ఇప్పుడు తెలుసుకునే దారి ఉందా?

జవాబు:

వయొలిన్ పాఠాలు చెప్పడం మొదలుపెట్టి ముప్ఫై ఏళ్లు దాటింది. నాది కర్ణాటక సంగీతమే. పాశ్చాత్య సంగీతం నాకు వినగా వినగా అబ్బింది గానీ గురువు దగ్గర కూర్చుని నేర్చుకున్నది కాదు. అటువైపు సంగతుల్లో నన్ను శ్రోతగానే లెక్కేసుకోండి. మీరు మూడు ప్రశ్నలు అడిగారు గానీ నా దృష్టిలో మూడోదే అసలు ప్రశ్న. మొదటి రెండిటికీ జవాబు చెప్పుకుంటూ పోతే దాని దగ్గరికే వెళ్తాం.

తిరువయ్యారు నుంచే మొదలుపెడదాం. పరాభవ నామ సంవత్సరం పుష్య బహుళ పంచమి, అంటే 1847 జనవరి 6. స్వామికి అప్పటికి డెబ్భై తొమ్మిదేళ్లు. పది రోజుల ముందు శ్రీరాముడు కనిపించి మాట ఇచ్చాడని, ఆ తర్వాతే స్వామి సన్యాసం పుచ్చుకున్నారని సంప్రదాయంలో చెప్తారు. దానికి సాక్ష్యంగా చూపించేది సహాన రాగంలో "గిరిపై నెలకొన్న" కీర్తన. చరణంలో "పది పూటలపై" కాపాడతానన్న మాట ఉంటుంది కదా, అదీ. కథను నమ్మడం నమ్మకపోవడం మీ ఇష్టం. పిల్లలకు ఆ కీర్తన చెప్పేటప్పుడు మాత్రం నేను కథ చెప్పకుండా మొదలుపెట్టను. కథ విన్నాక వాళ్ల కమాను వేగం దానంతటదే తగ్గుతుంది. సహానకు కావలసింది అదే.

స్వామి కన్నా కొద్ది రోజుల ముందు, 1846 డిసెంబరు చివర్లో, తిరువనంతపురంలో స్వాతి తిరునాళ్ మహారాజు ముప్ఫై మూడేళ్లకే పోయారు. ఆయన తెలుగులోనూ రాశారు. శ్యామశాస్త్రి 1827లో, ముత్తుస్వామి దీక్షితులు 1835లో వెళ్లిపోయారు. అంటే ఇవాళ మన కచేరీల్లో సగానికి పైగా ఎవరి రచనలు వింటున్నామో ఆ పెద్దలెవరూ 1847 సంక్రాంతికి లేరు. తంజావూరు గద్దె మీద రెండో శివాజీ ఉన్నాడు గానీ పేరుకే రాజు. 1855లో ఆయన పోగానే కుంపిణీ వాళ్లు ఆ గద్దెనూ ఎత్తేశారు.

మరి పాట ఏమైంది? స్వామి పుస్తకం అచ్చు వెయ్యలేదు. తిరువయ్యారు వీధుల్లో ఉంఛవృత్తికి, అంటే ఇంటింటా భిక్షకు, వెళ్తూ దివ్యనామ కీర్తనలు పాడారు, ఇంట్లో శిష్యులకు చెప్పారు, అంతే. శిష్యులు నేర్చుకున్నారు, కొందరు రాసుకున్నారు. వాలాజాపేట, ఉమయాళ్పురం, తిల్లైస్థానం అని మూడు పరంపరలు చెప్తారు. వాలాజాపేట వెంకటరమణ భాగవతులు, ఆయన కొడుకు కృష్ణస్వామి భాగవతులు రాసిపెట్టిన తాళపత్రాలూ కాగితాలూ మదురై సౌరాష్ట్ర సభలో భద్రపరిచారు. ఎక్కడెక్కడివో కలుపుకుంటే ఏడు వందల చిల్లర కీర్తనలు మిగిలాయి.

తెలుగునాటికి ఈ పాట వచ్చిన దారి ఇంకోటి. స్వామికి బంధువూ శిష్యుడూ అయిన మానంబుచావడి వెంకటసుబ్బయ్య గారి దగ్గర సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు నేర్చుకుని ఇటు వచ్చారు. ఆయన శిష్యుడు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, పంతులు గారి శిష్యుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. లెక్క పెట్టండి: స్వామికీ బాలమురళికీ మధ్య ముగ్గురే. మనం "పాత కాలం" అనుకునేది ఇంత దగ్గరగా ఉంది.

దగ్గరగా ఉంది కదా అని అంతా సురక్షితంగా చేరిందనుకోకండి. "బంటురీతి కొలువు" హంసనాదంలో పాడతాం. ఇప్పుడు వినిపించే హంసనాదంలో ధైవతమే లేదు. పాత లెక్క ప్రకారం అది అరవయ్యో మేళం (తల్లి రాగం) నీతిమతిలో పుట్టిన రాగం, షట్‌శ్రుతి ధైవతం ఉండాలి. ఆ ధైవతం ఎక్కడో దారిలో జారిపోయింది. "ఎవరని నిర్ణయించిరిరా"కి కొన్ని పుస్తకాల్లో నాదచింతామణి అని, కొన్నిట్లో దేవామృతవర్షిణి అని ఉంటుంది. నా అనుభవం ఇంకా చిన్నది. పాఠాలు మొదలుపెట్టిన కొత్తలో ఒక జిరాక్స్ పుస్తకం చూసి ఒక కీర్తన చరణం నేర్పాను. రెండేళ్ల తర్వాత ఒక పెద్దాయన విని, "అమ్మాయ్, ఇక్కడ ఒక ఆవర్తం ఎగిరిపోయింది, చూసుకోలేదా?" అన్నారు. ఆవర్తం అంటే తాళం ఒక చుట్టు. జిరాక్స్ తీసినవాళ్లు పేజీ అడుగు లైను కోసేశారు. నా దగ్గర నేర్చుకున్న ఆరుగురు పిల్లలు ఆ ఆవర్తం లేకుండానే వాయిస్తూ వెళ్లారు. వాళ్లలో ఇద్దరు ఇప్పుడు పాఠాలు చెప్తున్నారు. వాళ్లకు ఫోన్ చేసి చెప్పాననుకోండి. చెప్పకపోయి ఉంటే అదొక పాఠాంతరం అయ్యేది.

ఇది గుర్తుపెట్టుకుని యూరప్ వైపు వెళ్దాం.

లండన్, 1847 మే 4. యాదృచ్ఛికమే గానీ, 1767లో త్యాగరాజస్వామి పుట్టిన తేదీ కూడా మే 4. ఆ సాయంత్రం హర్ మెజెస్టీస్ థియేటర్లో స్వీడన్ గాయని జెన్నీ లిండ్ తొలిసారి లండన్ శ్రోతల ముందు పాడింది. మాయర్‌బేర్ రాసిన ఒపెరా. విక్టోరియా రాణి వచ్చింది. టికెట్ల కోసం బయట తోపులాటలో బట్టలు చిరిగాయి. కొత్త సినిమా మొదటి రోజు మొదటి ఆట సీను ఎలా ఉంటుందో మనకు తెలుసు కదా, అదే. ఒపెరా అంటే శాస్త్రీయం, వీధి పాట అంటే జనానిది అని మనం ఇప్పుడు గీసుకునే గీత ఆ తొక్కిసలాటలో ఎక్కడుందో నాకైతే కనిపించదు.

గొంతు వాడుకునే ప్రతి ఒక్కరూ తెలుసుకోవలసిన సంగతి ఒకటి ఆమె జీవితంలో ఉంది. లండన్‌కి రావడానికి ఆరేళ్ల ముందు, ఇరవై ఏళ్ల వయసులో, విపరీతంగా పాడి గొంతు పాడుచేసుకుని పారిస్‌లో మాన్యుయెల్ గార్సియా అనే గురువు దగ్గరికి వెళ్లింది. ఆయన విని, నీకు గొంతు మిగల్లేదు అన్నాడు. ఆరు వారాలు పాడొద్దు, వీలైనంత వరకు మాట్లాడను కూడా మాట్లాడొద్దు, తర్వాత రా, చూద్దాం అన్నాడు. ఆమె ఆ మౌనం పాటించి తిరిగి వెళ్లి మళ్లీ మొదటి నుంచి నేర్చుకుంది. పోటీల సీజన్లో రోజుకు మూడు స్టేజీలు ఎక్కించి, గొంతు బొంగురుపోతే మిరియాల కషాయం పోసి మళ్లీ ఎక్కించే తల్లిదండ్రులకు నేను ఈ కథ చెప్తుంటాను. గార్సియా గాత్ర శాస్త్ర గ్రంథం రెండో భాగం వెలువడింది కూడా 1847లోనే.

మే 4 రాత్రి ఆ థియేటర్లో కూర్చున్నవాళ్లలో ఫెలిక్స్ మెండెల్సన్ ఒకడు. జర్మన్ స్వరకర్త, జెన్నీ లిండ్‌కు స్నేహితుడు, అప్పటికి యూరప్ అంతా మోస్తున్న పేరు. తన "ఎలైజా" ఆరటోరియోను (వేషాలు లేకుండా పాడే భక్తి కథాగానం) సవరించి లండన్‌లో వినిపించడానికి వచ్చాడు. అంతా ముగించుకుని జర్మనీకి బయల్దేరాడు. అక్కడికి చేరిన కొద్ది రోజులకే బెర్లిన్ నుంచి కబురు వచ్చింది.

ఈ బెర్లిన్ సంగతి దగ్గర కాస్త ఆగుతాను. ఆ ఏడాది మొత్తంలో నన్ను ఎక్కువగా పట్టుకున్నది ఇదే.

ఫెలిక్స్‌కు మూడేళ్లు పెద్దదైన అక్క ఉంది, ఫానీ. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు, ఇద్దరూ రాశారు. ఫానీకి పద్నాలుగేళ్లప్పుడు తండ్రి ఆమెకు ఉత్తరం రాశాడు. సంగీతం ఫెలిక్స్‌కు వృత్తి అయితే కావచ్చు, నీకు మాత్రం అలంకారంగానే ఉండాలి అని దాని సారాంశం. ఆమె రాయడం మానలేదు, జీవితంలో 450కి పైగా రచనలు చేసింది. అచ్చు మాత్రం వెయ్యలేదు. తమ్ముడు తన పాటల సంపుటాలు రెండిట్లో, ఎనిమిదో నంబరులోనూ తొమ్మిదో నంబరులోనూ, మూడేసి చొప్పున ఆమె పాటలు ఆరు చేర్చి తన పేరుతోనే వేశాడు. 1842లో బకింగ్‌హామ్ ప్యాలెస్‌లో విక్టోరియా రాణి ముచ్చటపడి ఆ సంపుటాల్లోంచి ఒక పాట ఎంచుకుని, అతను పియానో వాయిస్తుండగా పాడింది. పాట అయ్యాక ఫెలిక్స్ నిజం ఒప్పుకోవలసి వచ్చింది: మీరు ఎంచుకున్నది మా అక్క రాసింది.

ఫానీ బెర్లిన్‌లోని తన ఇంట్లో ఆదివారాలు కచేరీలు పెట్టేది. లైప్‌జిగర్ వీధి 3వ నంబరు ఇల్లు, పెద్ద హాలు, ఊళ్లోని సంగీతం తెలిసినవాళ్లంతా వచ్చేవాళ్లు. మన ఊళ్లలో నవరాత్రుల్లో కొందరి ఇళ్లలో పెట్టే కచేరీలను పెద్ద ఎత్తున ఊహించుకోండి. 1846లో, నలభయ్యో ఏట, భర్త ప్రోత్సాహంతో తన పేరుతో మొదటి పుస్తకం అచ్చు వేసింది. 1847 ఏప్రిల్‌లో చెల్లెలి పుట్టినరోజుకు పియానో, వయొలిన్, చెల్లో ముగ్గురికీ కలిపి ఒక ట్రయో రాసి వినిపించింది. మే 13న ఒక పాట రాసింది. మే 14, శుక్రవారం, రాబోయే ఆదివారానికి తమ్ముడి రచనే రిహార్సల్ చేయిస్తూ పియానో ముందు కూర్చున్నప్పుడు చేతులు తిమ్మిరెక్కి పట్టు తప్పాయి. పక్షవాతం. ఆ రాత్రికే పోయింది. వయసు 41.

కబురు విని ఫెలిక్స్ కుప్పకూలాడంటారు. ఆ వేసవిలో స్విట్జర్లాండ్ వెళ్లి కొండల మధ్య ఎఫ్ మైనర్‌లో ఒక స్ట్రింగ్ క్వార్టెట్ (నాలుగు తీగె వాద్యాలకు రచన) రాశాడు. నా పిల్లలకు వినిపిస్తే "ఇతనే కదండీ ఆ పెళ్లి మార్చ్ రాసినాయన?" అని ఆశ్చర్యపోతారు. మొదటి బార్ల నుంచే వణుకు, ఊపిరాడని వేగం. మర్యాదస్తుడైన ఫెలిక్స్ అందులో ఎక్కడా కనపడడు. నవంబరు 4న అతనూ అదే పక్షవాతంతో లైప్‌జిగ్‌లో చనిపోయాడు, 38 ఏళ్లకు. బెర్లిన్‌లో అక్క పక్కనే సమాధి చేశారు.

ఫానీ కథ 1847తో అయిపోలేదు. "ఎఫ్. మెండెల్సన్" అని సంతకం ఉన్న ఒక పియానో సొనాటా రాతప్రతి 1970లో పారిస్‌లో దొరికింది. చూసినవాళ్లు ఫెలిక్స్‌దే అనుకున్నారు, రికార్డు కూడా అతని పేరుతోనే వచ్చింది. 2010లో ఒక అమెరికన్ పరిశోధకురాలు చేతిరాత, పేజీ నంబర్లు పోల్చి చూసి అది ఫానీదని తేల్చింది. ఆమె పేరుతో లండన్‌లో మొదటిసారి వినిపించింది 2017 మార్చి 8న. అంటే కాగితం మీద ప్రతి స్వరమూ ఉన్నా, ఎవరిదన్నది మాత్రం ఎన్నో ఏళ్లు తప్పిపోయింది. మన దగ్గర త్యాగరాజ ముద్ర (పాటలో రచయిత పెట్టే పేరు) ఉన్న ప్రతి కీర్తనా స్వామిదేనా అన్న తగువు ఎప్పటికీ తెగదు. వాళ్ల దగ్గర అచ్చమైన ఆమె రచన మీద వేరే పేరు. ముద్ర ఉన్నా తంటానే, సంతకం ఉన్నా తంటానే.

ఆ ఏడాది ఒపెరాలో పెద్ద సంగతి ఇటలీ స్వరకర్త వెర్ది. మార్చి 14న ఫ్లోరెన్స్‌లోని పెర్గోలా థియేటర్లో అతని "మాక్బెత్" మొదటి ప్రదర్శన. లేడీ మాక్బెత్ పాడిన బార్బియేరీ నీనీ తర్వాత చెప్పుకున్న ముచ్చట బాగుంటుంది. మొగుడూ పెళ్లాలూ కలిసి పాడే యుగళం ఒక్కటే నూట యాభై సార్లకు పైగా రిహార్సల్ చేయించాడట. చివరి డ్రెస్ రిహార్సల్ రాత్రి, ఆహ్వానితులు వచ్చి కూర్చున్నాక, వేషాల మీద శాలువాలు కప్పించి పక్క గదిలోకి లాక్కెళ్లి మళ్లీ ఒకసారి పాడమన్నాడు. ఇదివరకే నూట యాభై సార్లు పాడామని మాక్బెత్ వేషగాడు మొత్తుకుంటే, అరగంటలో నూట యాభై ఒకటి అవుతుందిలే అన్నాడట. మరుసటి ఏడాది నేపుల్స్‌లో అదే పాత్రకు ఒక అందమైన గాయనిని తీసుకుంటున్నారని తెలిసి, ఆమె గొంతు మరీ మధురంగా ఉంది, నాకు కర్కశంగా, బొంగురుగా ఉండే గొంతు కావాలి అని ఉత్తరం రాశాడు. రౌద్రం పాడేటప్పుడు కూడా తేనె ఒలకాలనుకునే మనలాంటివాళ్లం ఆలోచించుకోవలసిన మాట.

తమాషా ఏంటంటే అదే వెర్ది, అదే ఏడాది జులైలో, తేనె గొంతుకు పెట్టింది పేరైన జెన్నీ లిండ్ కోసం లండన్‌లో ఇంకో ఒపెరా చేశాడు. అది ఆడలేదు.

ఫ్రాంజ్ లిస్ట్ సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. యూరప్ అంతా వెర్రెత్తించిన పియానో విద్వాంసుడు. 1847 సెప్టెంబరులో ఇప్పటి ఉక్రెయిన్‌లోని ఎలిసావెత్‌గ్రాద్‌లో తన సొంతానికి డబ్బు తీసుకుని వాయించిన చివరి కచేరీ చేశాడు. అప్పటికి ముప్ఫై అయిదేళ్లు. ఇంకా ముప్ఫై తొమ్మిదేళ్లు బతికాడు. ఆ చివరి దశాబ్దాల్లో పాఠాలు చెప్పినా రుసుము తీసుకోలేదు. "నిధి చాల సుఖమా" పాడుకునే వాళ్లం, ఆ ఒక్క విషయంలో అతన్ని మనవాడే అనుకోవచ్చు. మిగతా విషయాల్లో కాదు లెండి.

సముద్రానికి అవతల అమెరికాలో అదే నెల, సెప్టెంబరు 11న, పిట్స్‌బర్గ్‌లో ఒక ఐస్‌క్రీమ్ సెలూన్‌లో కొత్త పాట ఒకటి పాడారు. "ఓ సుజానా". రాసింది స్టీఫెన్ ఫాస్టర్, ఇరవై ఒక్కేళ్లవాడు, సిన్సినాటిలో అన్నగారి పడవల ఆఫీసులో లెక్కలు రాసే ఉద్యోగం. ఈ పాట మీకు తెలియకపోవచ్చని అనుకుంటారేమో, తెలుసు. ఇంగ్లీషు మీడియం ఎల్‌కేజీ పిల్లల పాటల్లో ఎక్కడో ఒకచోట దీని ట్యూన్ తగిలే ఉంటుంది. మన స్వరాల్లో రాస్తే మొదటి లైను ఇలా వస్తుంది: స రి గ ప ప ద, ప గ స రి, గ గ రి స రి. చూశారా, మోహనం. గమకం లేని మోహనం. పల్లవి అనదగ్గ చోట "ఓ సుజానా" అని ఎత్తుకోగానే మ మ ద ద అని శుద్ధ మధ్యమం పడి మోహనం చెదిరిపోతుంది. ఆ ఒక్క మధ్యమమే జనాన్ని పట్టేసిందని నా అనుమానం. క్లాసులో ఇది వాయించి, రాగం ఏ చోట తప్పిందో పట్టుకోమంటాను. పదేళ్ల పిల్లలు టక్కున చెప్పేస్తారు.

పాట దావానలంలా పాకింది. 1849లో బంగారం కోసం కాలిఫోర్నియా పరుగెత్తినవాళ్లు దీన్నే పాడుకుంటూ వెళ్లారు. 1848 నుంచి మూడేళ్లలో ముప్ఫై దాకా వేరువేరు అచ్చులు వచ్చాయి. ఫాస్టర్‌కు ముట్టింది మాత్రం వంద డాలర్లంటారు. కాపీరైటు చట్టం ఉందన్న మాటే గానీ పట్టించుకున్న నాథుడు లేడు. 1864లో న్యూయార్క్‌లో ముప్ఫై ఏడేళ్లకు చనిపోయినప్పుడు అతని జేబులో ఉన్నది 38 సెంట్లు.

ఇంకో మాట చెప్పకుండా ఈ పాటను ముద్దు చేయడం తప్పు. ఇది మిన్‌స్ట్రెల్ ప్రదర్శనల పాట. అంటే తెల్లవాళ్లు మొహానికి మసి పూసుకుని, బానిసలుగా ఉన్న నల్లవాళ్లను వెక్కిరిస్తూ ఆడే ఆట. పాట మొదటి రూపంలో ఇప్పుడు పైకి చదవలేని చరణం ఉంది. పాటలో మోగే బాంజో కూడా ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిన వాద్యమే. బానిసత్వం నుంచి తప్పించుకుని పత్రిక పెట్టిన ఫ్రెడరిక్ డగ్లస్ 1848లోనే, వీళ్లు మా రంగు కూడా దొంగిలించి డబ్బు చేసుకుంటున్నారని మండిపడ్డాడు. ట్యూన్ ఎంత బాగున్నా ఆ మాట పక్కన పెట్టి వినకూడదు.

చిల్లర మల్లరగా మిగిలినవి రెండు. ఫ్రాన్సులో రోక్‌మోర్ అనే చిన్న ఊరి చర్చిలో 1847 క్రిస్మస్ అర్ధరాత్రి ఒక కొత్త పాట పాడారు. ఊళ్లోని వైన్ వర్తకుడు రాసిన కవిత, అడాల్ఫ్ ఆడమ్ కట్టిన బాణీ. ఇంగ్లీషులో "ఓ హోలీ నైట్" అని ఇవాళ ప్రపంచమంతా పాడేది అదే. ఇంగ్లండుకు చెందిన హెన్రీ లైట్ అనే పాస్టరు, క్షయ ముదిరి, "అబైడ్ విత్ మీ" గీతాన్ని ప్రజల ముందుంచి ఆ నవంబరులోనే కన్నుమూశాడు. గాంధీగారికి ఇష్టమైన గీతమది. ఢిల్లీలో బీటింగ్ రిట్రీట్‌లో 2021 దాకా బ్యాండు వాయించింది ఇదే. ఇప్పుడు మనం వినే బాణీ మాత్రం 1861లో ఇంకొకరు కట్టింది.

ఇక మన దేశంలోనే, లక్నోలో. 1847 ఫిబ్రవరి 13న వాజిద్ అలీ షా అవధ్ గద్దె ఎక్కాడు. రాజ్యం ఏలడం చేతకాలేదని ఇంగ్లీషువాళ్లు రాశారు. రాజ్యాన్ని లాక్కున్నవాళ్లు రాసింది కాబట్టి దాన్ని ఉప్పుతో కలిపి మింగాలి. ఠుమ్రీకీ కథక్‌కీ ఆ దర్బారు పెట్టిన పోషణ మాత్రం తిరుగులేనిది. తనే అఖ్తర్ పియా పేరుతో ఠుమ్రీలు రాశాడు. 1856లో గద్దె దింపి కలకత్తా శివార్లలోని మటియాబుర్జ్‌కు పంపితే అక్కడా పాటగాళ్లను వెంటపెట్టుకునే బతికాడు. "బాబుల్ మోరా" అతనిదేనని చెప్తారు, పుట్టిల్లు విడిచిపోతున్న ఆడపిల్ల మాటల్లో. అది హిందుస్తానీ భైరవి, మన భైరవి కాదు. స్వరాలు మన తోడివి.

మీ రెండో ప్రశ్న, పరిచయం ఉందా అని. ఉంది, మీరనుకునేదానికన్నా ఎక్కువే. తంజావూరు కోటలో శరభోజీ కాలానికే ఇంగ్లీషు బ్యాండు ఉంది, తిరువయ్యారు అక్కడికి పదమూడు కిలోమీటర్లు. దీక్షితులు బ్యాండు ట్యూన్లకు సంస్కృతం కట్టి నొట్టుస్వరాలు చేశారు. ఇంగ్లీషు రాజగీతం కూడా "సంతతం పాహిమాం" అయ్యింది. స్వామి "శరశర సమరైక శూర" నడక వింటే నాకు కవాతు వినిపిస్తుంది, ఇది నా చెవి మాట. వయొలిన్ అప్పటికే వచ్చేసింది. దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దాన్ని నేర్చుకుని మన సంగీతానికి తిప్పారు. తంజావూరు విద్వాంసుడు వడివేలుకు స్వాతి తిరునాళ్ 1834లో దంతపు వయొలిన్ బహూకరించారు. అటు నుంచి ఇటు ఇంత వచ్చింది. ఇటు నుంచి అటు 1847లో వెళ్లింది మాత్రం దాదాపు సున్న. లైప్‌జిగ్‌లో ఎవరికీ తిరువయ్యారు పేరు తెలియదు.

ఇప్పుడు మూడోది. అప్పటి పాట ఎలా వినిపించేది?

వాజిద్ అలీ షా గద్దె ఎక్కడానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 11న, అమెరికాలోని ఒహాయోలో ఒక పిల్లాడు పుట్టాడు. థామస్ ఎడిసన్. అతను శబ్దాన్ని పట్టి మళ్లీ వినిపించింది 1877లో. మన దేశంలో గౌహర్ జాన్ పాట గ్రామఫోన్‌కు ఎక్కింది 1902లో. వాజిద్ అలీ షా, జెన్నీ లిండ్ ఇద్దరూ 1887 దాకా బతికారు, అయినా ఇద్దరి గొంతూ మనకు లేదు. లండన్‌లో బట్టలు చింపుకున్న జనం ఏం విన్నారో, ఆ జనం రాసిన పొగడ్తల్లోంచి ఊహించుకోవలసిందే.

యూరప్ వాళ్ల దగ్గర కాగితం గట్టిది. ఫెలిక్స్ క్వార్టెట్‌లో ప్రతి స్వరం, ఎక్కడ గట్టిగా ఎక్కడ మెల్లగా, అన్నీ ఉన్నాయి. పేగు తీగెలు, అప్పటి పియానోలు పెట్టి వాయించి చూసే బృందాలూ ఉన్నాయి. కాబట్టి అక్కడ చాలా దగ్గరికి వెళ్లొచ్చు. మన దగ్గర కాగితం పలచన. 1893లో మద్రాసులో చిన్నస్వామి ముదలియార్ గారు, వాలాజాపేట కృష్ణస్వామి భాగవతుల వంటివాళ్ల దగ్గర విని స్వామి కీర్తనలను యూరోపియన్ నొటేషన్‌లో అచ్చు వేశారు. మహా శ్రమ. 1904లో సుబ్బరామ దీక్షితులు గారు ఎట్టయపురంలో తెలుగు లిపిలోనే "సంగీత సంప్రదాయ ప్రదర్శిని" వేశారు, గమకాలకు గుర్తులు పెట్టి మరీ. కానీ ముదలియార్ గారు వాడిన యూరోపియన్ అయిదు గీతల నొటేషన్ మీద తోడి గాంధారం ఒక నల్లచుక్క, అంతే. ఆ చుక్కను చూసి వాయిస్తే మీకు ఒక చుక్కే వినిపిస్తుంది. ఆ గాంధారం రిషభం దాకా దిగి మధ్యమం దాకా ఊగి ఎక్కడా నిలబడకుండా ఎలా బతుకుతుందో నేను నోటితో పాడి, పిల్లవాడి వేలు పట్టుకుని తీగె మీద జరిపితే గానీ రాదు. మా గురువుగారు నాకు అలాగే చేశారు. వాళ్ల గురువు వాళ్లకు. ఆ వేలు పట్టుకోవడం తిరువయ్యారు దాకా వెళ్తుంది, మధ్యలో నా జిరాక్స్ లాంటి కోతలతో సహా.

సమాధి సంగతి కూడా అంతే. కావేరి ఒడ్డున అది పాడుబడి ఉంటే 1920లలో బెంగళూరు నాగరత్నమ్మ నగలమ్మి గుడి కట్టించింది. కట్టించినా ఆడవాళ్లను ఆరాధనలో పాడనివ్వకపోతే, వెనక వైపు వేరే ఆరాధన పెట్టి పాడించింది. 1940 ప్రాంతంలో గానీ అందరూ కలవలేదు. ఫానీ గురించి చదివినప్పుడల్లా నాకు ఆవిడ గుర్తొస్తుంది. ఆవిడ సమాధి ఇప్పుడు స్వామి సమాధికి ఎదురుగా ఉంది.

వినాలనుకుంటే ఒక సాయంత్రం పెట్టుకోండి. ముందు ఫానీ ట్రయో, డి మైనర్, పదకొండో నంబరు. తర్వాత ఫెలిక్స్ ఎఫ్ మైనర్ క్వార్టెట్, ఎనభయ్యో నంబరు, మధ్యలో లేవకండి. కాస్త ఊపిరి తీసుకుని సైగల్ పాడిన "బాబుల్ మోరా". చివర్లో "గిరిపై నెలకొన్న", ఎవరిదైనా సరే, కానీ ఇద్దరు వేరువేరు విద్వాంసులవి వరుసగా పెట్టుకోండి. "పది పూటలపై" దగ్గరికి వచ్చేసరికి ఇద్దరూ రెండు దారుల్లో వెళ్తే, ఏది సరైనదని నన్ను మాత్రం అడగకండి.